డ్రాక్యులా కోటలో మూడు ఉత్తరాలు

పోయిన ఎపిసోడ్ విని ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు: "అన్నా, 12 గంటలు పనిజేసి రూముకొచ్చినంక దయ్యాల నవల ఎందుకు సదవాలె? ఉన్న భయాలు సాలవా?" ఈ వారం జవాబు మొదలుపెట్టాను గానీ టైం సరిపోలేదు. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

నేను పగలు గోదాములో స్టోర్‌కీపర్‌ని, రాత్రిళ్ళు హారర్ నవలలు రాసుకుంటాను. ఊళ్ళో ఉన్నప్పుడు యండమూరి 'తులసిదళం' చదివి, రాత్రి పెరట్లోకి వెళ్ళాలంటే వణికినవాణ్ణే. గల్ఫ్‌కి వచ్చిన మొదటి ఏడాది బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' చదివాను. 1897లో అచ్చయిన నవల. సినిమాలు చూసి కోరపళ్ళ కథ అనుకున్నా. చదివితే మన కథే కనిపించింది.

జొనాథన్ హార్కర్ అనే కుర్ర లాయరు ఉద్యోగం పని మీద ఇంగ్లండు నుంచి ట్రాన్సిల్వేనియా వెళ్తాడు. కౌంట్ డ్రాక్యులా మర్యాదగా లోపలికి పిలుస్తాడు, వేయించిన కోడితో భోజనం పెట్టిస్తాడు. తర్వాత చూస్తే తలుపులన్నిటికీ తాళాలే. కొన్నాళ్ళకి అతని చేత మూడు ఉత్తరాలు రాయిస్తాడు, రాబోయే తేదీలు వేయించి: పని అయిపోవచ్చిందని ఒకటి, రేపు బయల్దేరుతున్నానని ఒకటి, కోట దాటి వచ్చేశానని ఇంకొకటి. ఒకరోజు లేచేసరికి హార్కర్ కాగితాలూ, ప్రయాణపు బట్టలూ మాయం.

నాకు చెమటలు పట్టింది అక్కడే. నా మొదటి కంపెనీవాళ్ళు దిగినరోజే పాస్‌పోర్టు తీసుకున్నారు, "భద్రంగా ఉంటుంది" అని. నేనేమో అమ్మకి ఫోన్ చేసి "బాగున్నానమ్మా, ఏసీ రూము" అనేవాణ్ణి. ఎవరూ రాయించకపోయినా అవీ అలాంటి ఉత్తరాలే కదా!

హారర్ చేసే పని ఇదే. పేరు పెట్టలేని భయానికి ఒక ఆకారం ఇస్తుంది. ఆకారం వచ్చాక దాని గురించి నలుగురితో మాట్లాడొచ్చు.

రెండో సంగతి, నగరం. మన పాత దయ్యాలు ఊరవతల చింతచెట్టు మీద ఉండేవి. స్టోకర్ తన దయ్యాన్ని నేరుగా లండన్‌కి తెచ్చాడు. డ్రాక్యులా ముందే లండన్ డైరెక్టరీ, రైళ్ళ టైంటేబుల్ చదువుకుంటాడు. వీధిలో ఎవరూ పరాయివాడని గుర్తుపట్టకూడదని యాస దిద్దుకుంటాడు. ఆ కోరిక మనకి తెలియనిదా? స్టోకర్ కూడా డబ్లిన్‌లో పుట్టి, 1878లో థియేటర్ మేనేజర్ ఉద్యోగానికి లండన్ వచ్చినవాడే. ఆ నవలలో పరాయివాడంటే లండన్‌కి ఉండే భయం కూడా ఉంది. హార్కర్‌లా బందీ అయ్యేదీ మనమే, కౌంట్‌లా అనుమానపు చూపులు పడేదీ మనమే.

మరి డ్రాక్యులాని ఎలా గెలిచారు? ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంది: డైరీ, ఉత్తరం, టెలిగ్రామ్, ఫోనోగ్రాఫ్‌లో రికార్డు చేసిన మాటలు. మీనా అన్నీ కూర్చుని టైపు చేసి, వరసగా పెడుతుంది. ఈ ట్రాన్‌స్క్రిప్టులు రాసేటప్పుడు నాకు ఆమే గుర్తొస్తుంది. ముక్కలు కలిపాకే శత్రువు పూర్తిగా కనిపించాడు.

ఒక శుక్రవారం రూములో ఈ కథ చెప్పాను. ఆరుగురిలో నలుగురు "నాది కూడా ఆఫీసులోనే ఉంది" అన్నారు. అప్పటిదాకా సిగ్గుతో ఎవరికి వాళ్ళం దాచుకున్నాం. అందరం కలిసి వెళ్ళి అడిగితే మూడు వారాలకి పాస్‌పోర్టులు చేతికొచ్చాయి. అందరికీ అంత తేలిగ్గా జరగదని తెలుసు. కానీ గల్ఫ్ దేశాల్లో కార్మికుడి ఇష్టం లేకుండా యజమాని పాస్‌పోర్టు ఉంచుకోవడం చట్టవిరుద్ధం. మన ఎంబసీలో గానీ, భారత విదేశాంగశాఖ 'మదద్' పోర్టల్‌లో గానీ ఫిర్యాదు పెట్టొచ్చు.

తమ్ముడూ, ఉన్న భయాలు చాలవని కాదు చదివేది. ఉన్నవాటిని ఒంటరిగా మొయ్యలేక. ఈ శుక్రవారం ఓ పదిపేజీలు చదువు, పక్క బెడ్ అన్నకి కథ చెప్పు. ఆయన ఏం చెప్తాడో విను.