చెయ్యి ఊసెత్తని ఫారం

ముఖచిత్ర కథనం

బొగ్గుబాయి కార్మికుడి ఊపిరితిత్తులకు, చెవులకు, బీపీకి చట్టం లెక్క రాస్తుంది. డ్రిల్లు పట్టిన చెయ్యి మొద్దుబారితే ఆ లెక్క ఎక్కడ రాయాలి? సెంటినరీ కాలనీ నుంచి కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌పై కథనం.

అర్ధరాత్రి దాటాక బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారతాయి. సూదులు గుచ్చినట్టు పోట్లు మొదలవుతాయి. నిద్రలేచిన మనిషి చెయ్యి మంచం అంచు నుంచి కిందికి వేలాడేసి విదిలిస్తాడు. కాసేపటికి సోయి వస్తుంది, మళ్లీ పడుకుంటాడు. పొద్దున ఫస్ట్ షిఫ్టుకు పోయాక ఆ సంగతే గుర్తుండదు. బొగ్గుబావుల కాలనీల్లో దీన్ని తిమ్మిర్లు అంటారు. ‘ఏళ్లల్ల సోయి ఉంటలేదు’ అంటారు. నరాల బలహీనత అనుకుని ఆర్ఎంపీ దగ్గర ఓ బలం సూది వేయించుకుని సరిపెట్టుకుంటారు. వైద్యులు దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టు దగ్గర ఒక నరం నలిగి వచ్చే జబ్బు ఇది. వేళకు చూపించుకుంటే నయమవుతుంది. ఏళ్లకేళ్లు వదిలేస్తే పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఈ జబ్బు మీద ఆదివారం సంచికకు కథనం కావాలని, శుక్రవారం సాయంత్రానికి పేజీలు మూసేస్తామని ఎడిటర్ చెప్పారు. ఐటీ ఆఫీసులో కీబోర్డు ముందు కూర్చున్న అమ్మాయి ఫొటో పెట్టి రాసేయడం తేలిక. ఈ జబ్బనగానే పత్రికలన్నీ వేసే బొమ్మ అదే. కానీ కీబోర్డుకు, ఈ జబ్బుకు ఉన్న సంబంధం బలహీనమని పరిశోధనలు చెబుతున్నాయి. అదిరే పనిముట్టు, బిగించిన పిడికిలి, వంగిన మణికట్టు అనే మూడింటితోనే దీనికి గట్టి సంబంధం ఉంది. ఆ మూడూ ఒకే షిఫ్టులో కలిసేది బొగ్గుబాయిలో. అందుకే ఈ కథనాన్ని సెంటినరీ కాలనీకి తీసుకొచ్చాను. గోదావరిఖని నుంచి కమాన్‌పూర్ మీదుగా మంథని వెళ్లే దారిలో, సింగరేణి రామగుండం-3 ఏరియా క్వార్టర్లతో ఏర్పడ్డ ఊరిది. ఒకవైపు ఓపెన్‌కాస్టులు, ఇంకోవైపు భూగర్భంలో అడ్రియాల లాంగ్‌వాల్ గని.

లోపల జరిగేదేమిటి?

మణికట్టు లోపలి దారి బొగ్గు గ్యాలరీ లాంటిది. మూడు వైపులా చిన్న ఎముకలు గోడలుగా ఉంటాయి. అరచేతి వైపు గట్టి లిగమెంటు పైకప్పులా పరుచుకుని ఉంటుంది. ఆ ఇరుకులోంచి వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు, వాటితోపాటు మీడియన్ నరం పోతాయి. స్నాయువుల చుట్టూ పొర వాచినా, లిగమెంటు మందమెక్కినా ఆ ఒత్తిడి ముందుగా పడేది నరం మీదే. మణికట్టు వంగితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నిద్రలో మనకు తెలియకుండానే చెయ్యి వంచుకుంటాం కాబట్టి బాధ రాత్రిపూట ఎక్కువ.

బొగ్గులో, రాతిలో షాట్ రంధ్రాలు వేసే డ్రిల్లు, జాక్‌హామర్, పైకప్పుకు బోల్టులు బిగించేందుకు చేతులు పైకెత్తి పట్టే డ్రిల్లు, వర్క్‌షాపులో గ్రైండర్. వీటి అదురు అరచేతిలోంచి మణికట్టులోకి దిగుతుంది. చేత్తో బొగ్గెత్తే తట్టా చెమ్మస్ కాలం పోయి బొగ్గెత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు, ఇంకా పెద్ద యంత్రాలు వచ్చాక చేతి భారం తగ్గిన మాట నిజం. కానీ డ్రిల్లు పని, సపోర్టు పని, మరమ్మతు పని ఇంకా చేతుల మీదే నడుస్తున్నాయి. చల్లని దేశాల్లో అదిరే పనిముట్లు పట్టేవారికి వేళ్లు పాలిపోయి తెల్లబడతాయి. మన లాంటి వేడి ప్రాంతాల్లో ఆ తెల్లదనం అరుదు. ఇక్కడ ముందుగా కనిపించేవి తిమ్మిరి, మొద్దుబారడం. కంటికి కనిపించే గుర్తు లేకపోతే రోగి మాటే సాక్ష్యం. ఆ మాట అడిగేవాళ్లు ఉండాలి.

అడిగే కాగితం

ఈ కథనం కోసం పోగేసిన కాగితాల్లో నన్ను కదలనివ్వనిది ఒకటే: ఫారం-ఓ. 1955 మైన్స్ రూల్స్‌లోని 29-బి నిబంధన గని కార్మికుడికి ఉద్యోగంలో చేరేముందు ఒకసారి, ఆ తర్వాత అయిదేళ్లకోసారి వైద్య పరీక్ష జరగాలని చెప్పింది. సింగరేణిలో పీఎంఈ అనే ఈ పరీక్ష తెలియని ఇల్లు ఉండదు. ఆ పరీక్ష ఫలితం రాసే నమూనాయే ఫారం-ఓ. తరతరాల బాయి కార్మికుల ఒళ్లు ఆ కాగితం మీదుగానే నడిచింది.

దాన్ని వరసగా చదవండి. శరీర పుష్టి, ఎత్తు, బరువు. కళ్లు, చెవులు. ఊపిరితిత్తులు, ఛాతీ కొలత. రక్తపోటు, నాడి. పొట్టలో కాలేయం, ప్లీహం, గడ్డలు. తర్వాత నాడీ వ్యవస్థ. అక్కడ అడిగేవి మూడే: మూర్ఛలు వచ్చాయా, పక్షవాతం ఉందా, మానసిక ఆరోగ్యం ఎలా ఉంది? ఆపైన ఎముకలు, కీళ్ల కదలికకు ఒక గీత. చర్మం. హెర్నియా, వరిబీజం. మూత్రంలో ఆల్బుమిన్, చక్కెర. ఛాతీ ఎక్స్‌రే.

వరిబీజానికి విడిగా గడి ఉంది. చెయ్యికి లేదు. వేళ్లలో స్పర్శ ఉందా అని గానీ, పిడికిలి పట్టు తగ్గిందా అని గానీ, రాత్రి తిమ్మిరికి మెలకువ వస్తోందా అని గానీ ఎక్కడా ప్రశ్న లేదు. ఈ ఫారం రాసినవారి భయాలు ఏమిటో దీన్ని చూస్తే తెలుస్తుంది. దుమ్ము ఊపిరితిత్తుల్ని తింటుందని వాళ్లకు తెలుసు, ఆ భయం న్యాయమైనదే. కానీ బొగ్గు తవ్విన శరీరంలో చెయ్యి కూడా అరుగుతుంది. ఆ చెయ్యి గురించి కాగితం మౌనంగా ఉంటే, కార్మికుడు కూడా అది చెప్పాల్సిన సంగతి కాదనుకుంటాడు.

అయితే ఇదే ఫారం చివర్లో రెండు తలుపులు తెరిచే ఉన్నాయి. పరీక్షించే అధికారి అవసరమనుకున్న ఏ ఇతర పరీక్షనైనా రాయడానికి ఒక గడి, స్పెషలిస్టు అభిప్రాయానికి ఇంకో గడి. చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. మూత్రంలో చక్కెర చూసే గడి కూడా పరోక్షంగా చేతి దగ్గరికే దారి చూపుతోంది, షుగర్ ఉన్నవారికి ఈ జబ్బు ముప్పు ఎక్కువ కాబట్టి.

ఇప్పుడు జబ్బుల జాబితా చూద్దాం. 1952 మైన్స్ యాక్ట్‌లోని 25వ సెక్షన్ కింద ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపాల్సిన గని జబ్బుల్లో సిలికోసిస్, న్యూమోకోనియోసిస్, మాంగనీస్ విషప్రభావం, ఆస్బెస్టాసిస్, కొన్ని రకాల కేన్సర్లు ఉండేవి. 2011లో చప్పుడు వల్ల వచ్చే చెవుడును, రసాయనాల వల్ల వచ్చే చర్మవ్యాధిని, రేడియోధార్మిక పదార్థాల వల్ల వచ్చే జబ్బులను చేర్చారు. డ్రిల్లు చప్పుడు జాబితాకెక్కింది, డ్రిల్లు అదురు ఎక్కలేదు. ఆ చట్టం స్థానంలో 2025లో అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ మూడో షెడ్యూల్‌లో 29 జబ్బులున్నాయి. వాటిలోనూ ఇది లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ మాత్రం 2010 జాబితాలో కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌ను పేరు పెట్టి చేర్చింది. బలం పెట్టి పదేపదే చేసే పని, అదురు, మణికట్టును విపరీతంగా వంచే భంగిమ కారణాలని స్పష్టంగా రాసింది. బ్రిటన్‌లో అదిరే పనిముట్లు పట్టేవారికి ఇది వస్తే వృత్తి వ్యాధిగా 1993 నుంచే గుర్తిస్తున్నారు. అక్కడి బొగ్గు కార్మికులు అదురుతో చెడిన వేళ్ల కోసం కోర్టుకెక్కి గెలిచాక, 1999లో ప్రభుత్వం పరిహార పథకమే పెట్టాల్సి వచ్చింది.

జబ్బు చరిత్ర, బొగ్గు చరిత్ర క్లుప్తంగా: 1854లో ఇంగ్లండ్ సర్జన్ జేమ్స్ పాజెట్ మణికట్టు దగ్గర నలిగిన నరం గురించి రాశారు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనుగొన్నారు. 1889లో తవ్వకం మొదలైంది, ఆ నూరేళ్ల పండుగ పేరే ఈ కాలనీకి నిలిచింది. 1913లో పారిస్‌లో వైద్యులు పియర్ మారీ, షార్ల్ ఫ్వా శవపరీక్షలో నలిగిన నరాన్ని చూసి, పైనున్న లిగమెంటును కోస్తే సరిపోతుందన్నారు. 1920లో ఇక్కడ బొగ్గు తవ్వే కంపెనీ పేరు సింగరేణి కాలరీస్ అయింది. 1950ల్లో అమెరికా సర్జన్ జార్జ్ ఫాలెన్ ఈ జబ్బును వైద్యులందరికీ తెలిసేలా చేశారు.

వైద్యం: మెట్టు మెట్టుగా

మొదటి మెట్టు రాత్రి పట్టీ. మణికట్టును తిన్నగా ఉంచే స్ప్లింట్ కట్టుకుని నిద్రపోవాలి. తొలిదశలో చాలామందికి ఆరు వారాల్లోపే తేడా తెలుస్తుంది. కత్తి లేదు, మందు లేదు, ఖర్చు తక్కువ.

రెండోది స్టెరాయిడ్ ఇంజెక్షన్. మణికట్టు దగ్గర వేస్తారు, వాపు తగ్గి నరానికి చోటు దొరుకుతుంది. బ్రిటన్‌లో పట్టీని, ఇంజెక్షన్‌ను పోల్చిన పరిశోధన 2018లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. ఆరు వారాల దగ్గర ఇంజెక్షన్‌దే పైచేయి, ఆరు నెలలకు రెండింటికీ తేడా లేదు. అంటే ఇది త్వరగా ఉపశమనం ఇస్తుంది, శాశ్వతమన్న హామీ ఇవ్వదు. షుగర్ ఉన్నవారికి వేసిన తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరగొచ్చు, ముందే డాక్టరుకు చెప్పాలి.

మూడోది ఆపరేషన్. చెయ్యి వరకే మత్తిచ్చి, పైకప్పు లాంటి ఆ లిగమెంటును కోస్తారు. చాలాసార్లు అదే రోజు ఇంటికి పంపిస్తారు. అరచేతిలో చిన్న కోతతో చేసినా, ఎండోస్కోప్‌తో చేసినా చివరి ఫలితం ఇంచుమించు ఒకటే. నెదర్లాండ్స్‌లో జరిగి 2002లో అచ్చయిన పరిశోధనలో, ఏడాదిన్నర తర్వాత ఆపరేషన్ చేయించుకున్నవారిలో 90 శాతం మంది, పట్టీ కట్టుకున్నవారిలో 75 శాతం మంది బాగయ్యారు. రాత్రి నొప్పి ముందుగా పోతుంది. మొద్దుబారడం నెలల మీద తగ్గుతుంది. బొటనవేలి కింది కండ అప్పటికే కరిగిపోయి ఉంటే అది మళ్లీ నిండుతుందని చెప్పలేం. ఆలస్యం ఖరీదు ఇదే.

నాకు నమ్మకం లేని వైద్యం ఒకటుంది: కాలనీ సందుల్లో అమ్ముడుపోయే నరాల బలం సూదులు. బీ12 లోపం ఉంటే బీ12 అవసరమే, రక్తపరీక్షతో అది తేలుతుంది. అంతేగానీ ఏ సూదీ బిగుసుకున్న లిగమెంటును వదులు చేయదు. బీ6 ఈ జబ్బుకు పనిచేసినట్టు పరిశోధనల్లో తేలలేదు. పెద్ద మోతాదులో ఎక్కువకాలం వాడితే అదే నరాలను చెడగొడుతుంది.

మళ్లీ డ్యూటీకి

సింగరేణి ఇళ్లలో మెడికల్ అన్న మాట వినగానే అన్‌ఫిట్, ఆ లెక్కన వారసుడికి వచ్చే ఉద్యోగం గుర్తొస్తాయి. తిమ్మిరి ఆ కోవకు రాదు. దీనికి వైద్యం చేయించుకుని తిరిగి పనిలోకి పోవచ్చు. ఆపరేషన్ అయ్యాక కుట్లు రెండు వారాల్లోపు తీసేస్తారు. బరువు పని మాత్రం వెంటనే కూడదు. పిడికిలి పట్టు నిండుగా రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అరచేతి మొదట్లో నొప్పి కొంతకాలం ఉంటుంది. ఆ రోజుల్లో డ్రిల్లుకు దూరంగా సర్ఫేస్ మీద లైట్ డ్యూటీ ఇవ్వడం వైద్యంలో భాగమే. అదే చెయ్యిని అదే డ్రిల్లు కింద మళ్లీ పెడితే చేసిన ఆపరేషన్‌కు అర్థం లేదు. యూరోపియన్ యూనియన్ 2002 నాటి ఆదేశంలో చేతికి తగిలే అదురుకు ఎనిమిది గంటల షిఫ్టుకు సెకనుకు సెకనుకు 5 మీటర్లను గరిష్ఠ హద్దుగా పెట్టింది, 2.5 దాటగానే జాగ్రత్తలు మొదలవ్వాలంది. మనవాళ్లు ఇంకేమీ చేయకపోయినా డ్రిల్లు చేతులు మార్చుకునేలా పని పంచవచ్చు, మొద్దుబారిన బిట్లు మార్చవచ్చు.

కంపెనీ డాక్టర్లను, యూనియన్ నాయకులను నేను కోరేది ఒక్కటే. పీఎంఈ కాగితాలకు రెండు అరచేతుల గీత బొమ్మ ఉన్న పేజీ ఒకటి జతచేయండి. తిమ్మిరి వచ్చే చోట కార్మికుడు పెన్సిల్‌తో నింపుతాడు. అమెరికాలో 1990 నుంచి డాక్టర్లు ఈ బొమ్మను జబ్బు పోల్చుకోవడానికి వాడుతున్నారు. చదువు రాకపోయినా నింపగల ఫారం ఇది. పిట్ సేఫ్టీ కమిటీల్లో ఈ మాట లేవనెత్తితే, పర్మనెంటు, కాంట్రాక్టు తేడా లేకుండా అందరికీ అందుతుంది.

బాక్స్: మెడ నరమా? మణికట్టు నరమా?

చిటికెనవేలు బాగుండి, బొటనవేలి నుంచి ఉంగరంవేలి సగం దాకా తిమ్మిరి ఉంటే మణికట్టునే అనుమానించాలి. అరచేతి మధ్యలో స్పర్శ బాగానే ఉంటుంది, ఆ చర్మానికి పోయే నరం కొమ్మ ఇరుకు దారిలోంచి పోదు కాబట్టి. రెండు చేతుల వెనుకభాగాలు ఆనించి, మణికట్లు కిందికి వంచి నిమిషం సేపు ఉంచండి. వేళ్లలో తిమ్మిరి ఎక్కితే డాక్టరుకు చెప్పండి. మెడ తిప్పినప్పుడు నొప్పి భుజం మీదుగా దిగితే అది వేరే సమస్య కావచ్చు. తేల్చేది నెర్వ్ కండక్షన్ పరీక్ష. అవసరమైతే దానికోసం రెఫరల్ అడగండి.

బాక్స్: క్వార్టర్లో ఉన్న చేతులు

ఈ జబ్బు మగవారికంటే ఆడవారికి సుమారు మూడింతలు ఎక్కువ. థైరాయిడ్ తగ్గినా, షుగర్ ఉన్నా, కీళ్లవాతం ఉన్నా ముప్పు పెరుగుతుంది. గర్భిణులకు వస్తే ఎక్కువమందికి కాన్పు తర్వాత తగ్గిపోతుంది, పట్టీ చాలు. సింగరేణి సేవా సమితి కుట్టు శిక్షణ తీసుకుని ఇంట్లో మిషన్ నడిపేవారు కత్తెర పని మధ్యమధ్యలో ఆపాలి. దుప్పట్లు పిండే పని ఇంట్లో అందరూ పంచుకోవాలి.

బాక్స్: ఇక ఆగకూడదు

చొక్కా గుండీ జారిపోతుంటే, గ్లాసు చేతిలోంచి పడుతుంటే, తిమ్మిరి రోజంతా వదలకపోతే, బొటనవేలి కింది మెత్తటి కండ గుంట పడితే, పట్టీతో కాలం గడపొద్దు. ఆ వారంలోనే కంపెనీ దవాఖానలో ఆర్థోపెడిక్ డాక్టరును కలవండి. చేసే పని పేరు, పట్టుకునే పనిముట్టు పేరు ఓపీ చీటీ మీద రాయించండి. చెయ్యి ఎందుకు చెడిందో ముందు ముందు చెప్పడానికి ఆధారం అదే.