రైలు వెళ్లిపోయిన బాట

మా సూర్యాపేటకు గానీ, పక్కనున్న కోదాడకు గానీ నేటికీ ప్రయాణికుల రైలు లేదు. రైలెక్కాలంటే మిర్యాలగూడకో, ఖమ్మానికో బస్సులో పోవలసిందే. "మన ఊరికి రైలెప్పుడొస్తుందో" అనుకుంటూనే మా తరానికి తల నెరిసింది. అటువంటి మేము రైలు వెళ్లిపోయిన దారిలో నడిచి వచ్చాం!

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని హెర్న్‌డన్‌లో మా అబ్బాయి ఉంటున్నాడు. అయిదు నెలలుందామని వెళ్లాం. రెండు వారాలు సంతోషంగా గడిచాయి. ఆ తరువాత ఉదయమే కొడుకూ కోడలూ ఉద్యోగాలకు, మనవడు బడికి. మిగిలింది మేమిద్దరం, నాలుగు గోడలు. ఎక్కడికి పోవాలన్నా కారుండాలి, నడిపేవారుండాలి. పిల్లలు అలసిపోయి వస్తే అడగడానికి మనసొప్పదు. "తిరుగు ప్రయాణం ముందుకు జరుపుకుందామా?" అని మాలో మేము అనుకున్నాం కూడా.

ఒక శనివారం అబ్బాయి, "ఇంటికి దగ్గరలోనే ఒక బాట ఉంది, రండి నాన్నా" అని అందరినీ నడిపించుకు వెళ్లాడు. ఊరి మధ్యలో పాత రైల్వే స్టేషను కనిపించింది. పట్టాలు లేవు. ఆ భవనం ఇప్పుడు చిన్న మ్యూజియం. దాని పక్కనుండి తారు వేసిన బాట సాగిపోతున్నది.

ఆ బాట కథ

దాని పేరు వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ బాట. అలెగ్జాండ్రియా నుండి బయలుదేరిన ఆ రైలు మార్గం 1860లో లీస్‌బర్గ్ చేరింది. అంతర్యుద్ధంలో దెబ్బతిన్నది, మళ్లీ లేచింది. లారీలు, కార్లు పెరిగాక 1951లో ప్రయాణికుల రైళ్లు, 1968లో మొత్తం మార్గమే ఆగిపోయాయి. ఆ నేలను విద్యుత్ సంస్థ కొన్నది. అందుకే నేటికీ చాలా దూరం తలపై కరెంటు తీగలు వెంట వస్తాయి. 1974లో ఫాల్స్ చర్చ్ అనే ఊరిలో కొద్ది దూరం నడకబాట వేశారు. జనం ఆదరించారు. 1988 నాటికి అది పర్సెల్‌విల్ దాకా 45 మైళ్లు, అంటే సుమారు 72 కిలోమీటర్లు అయింది.

ముసలివారికి, పిల్లలకు ఇది ఎందుకంత సులువు? ఇనుప పట్టాపై ఇనుప చక్రానికి పట్టు తక్కువ. నిటారు ఎత్తులు రైలు ఎక్కలేదు. కాబట్టి ఆనాడే మిట్టలు తవ్వి, పల్లాలు పూడ్చి దారి చదును చేశారు. ఆనాడు ఇంజను కోసం చేసిన ఆ పని ఈనాడు మా మోకాళ్లకు ఉపకరించింది.

ఇరవై, ఇరవైన్నర

బాట పక్కన అరమైలుకొక గుర్తు ఉంటుంది. హెర్న్‌డన్ దగ్గర ఇరవయ్యో మైలు. మా ఆరేళ్ల మనవడికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట రాదు. నానమ్మ ఆ గుర్తు చూపి "ఇరవై" అన్నది. వాడూ అన్నాడు. తరువాతి గుర్తు రాగానే పరుగెత్తి, "తాతయ్యా, ఇరవైన్నర!" అని అరిచాడు. ఆ వారం నుండి సాయంత్రాలు వాడే మా చెప్పులు తెచ్చి పెట్టేవాడు. పగటిపూట మేమిద్దరమే వెళ్లివచ్చేవాళ్లం. ఎవరినీ అడగనక్కరలేకుండా మా కాళ్లపై మేము వెళ్లగలిగిన చోటు ఆ దేశంలో అదొక్కటే. తిరుగు ప్రయాణం మాట మళ్లీ రాలేదు.

వెళ్లేవారికి నాలుగు మాటలు

పిల్లల దగ్గరకు వెళ్లే పాఠకులు ఇటువంటి బాట సమీపంలో ఉన్నదేమో ముందే అడగండి. కుడివైపునే నడవండి. వెనుకనుండి సైకిళ్లు వేగంగా వస్తాయి. గంట వినబడితే పక్కకు దూకక, తిన్నగా సాగండి. రోడ్డు దాటేచోట ఆగి చూడండి. మంచినీళ్లు, ఇంటి చిరునామా రాసిన కాగితం వెంట ఉంచుకోండి. మొదటిరోజు అరమైలు చాలు.

ఒక హెచ్చరిక: ఇక్కడ మన రైలు పట్టాలపై మాత్రం ఎన్నడూ నడవకండి. అవి బండ్లు తిరిగే దారులు. మనకు ఊరి బడి మైదానమో, పొలాల మధ్య బాటో ఉన్నది. దారి ఏదైనా, ఇంట్లో అందరికంటే మెల్లగా నడిచేవారి అడుగుతో మిగతావారు అడుగు కలపాలి. మా మనవడు ముందుకు పరుగెత్తినా, ప్రతి గుర్తు దగ్గర నానమ్మ వచ్చేదాకా నిలబడేవాడు.