మా వదినగారి సంతకం

మా వదినగారికి, అంటే మావారి అక్కయ్యకి, ఏడాదిగా అన్నం సయించడం లేదు. రెండు ముద్దలు తినేసరికి పొట్ట నిండిపోయిందనేవారు. గ్యాస్ అనుకున్నాం. వాము నీళ్లు, జీలకర్ర కషాయం అన్నీ అయ్యాయి. జాకెట్లన్నీ వదులైపోయాయని ఆవిడే నవ్వుతూ అన్న రోజున నా గుండె ఝల్లుమంది. ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయంలో కేన్సర్ అని, స్కాన్ తీస్తే అప్పటికే లివర్‌కి పాకిందని తేలింది.

ఇక ఆపరేషన్ లేదు, కీమో మొదలెడదాం అన్నారు డాక్టరుగారు. ఎండోస్కోపీలో తీసిన ముక్కకి హెర్-2 అనే పరీక్ష కూడా చేయిస్తామన్నారు. నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్నే కానీ, తెలియంది అడగడానికి సిగ్గుపడను. అదేమిటండీ అన్నాను.

ఆయన చెప్పింది నాకర్థమైనట్టు చెబుతాను. కీమో మందు త్వరగా పెరిగే కణం ఏది కనబడినా కొడుతుంది. అందుకే కేన్సర్‌తో పాటు జుట్టు, నోటి లోపలి పొర కూడా దెబ్బతింటాయి. గురి చూసి కొట్టే మందులు వేరు. కొందరి కేన్సర్ కణాల మీద హెర్-2 అనే ప్రొటీన్ మరీ ఎక్కువగా ఉండి, కణాన్ని పెరగమని తొందరపెడుతుంది. ట్రాస్టుజుమాబ్ అనే మందు దాన్ని అడ్డుకుంటుంది. మొదట రొమ్ము కేన్సర్‌కి వచ్చిన మందు అది. జీర్ణాశయం కేన్సర్‌కి పనికొస్తుందా అని 24 దేశాల్లో పరీక్షించి, 2010లో ఫలితాలు అచ్చువేశారు. ముక్క పరీక్ష చేసినవాళ్లలో నూటికి 22 మందికే ఆ ప్రొటీన్ ఎక్కువుంది. అలాంటివాళ్లు 594 మందిని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి కీమో ఒక్కటే, రెండో జట్టుకి కీమోతో పాటు ఈ మందు. మొదటి జట్టులో సగం మంది 11 నెలలు దాటితే, రెండో జట్టులో సగం మంది 13 నెలలు దాటి, 14కి దగ్గరగా వచ్చారు.

మూడు నెలలేనా అని మావారు నిట్టూర్చారు. ఆ మూడు నెలల్లో ఒక సంక్రాంతి రావచ్చు, మనవరాలి ఓణీల వేడుక రావచ్చు. మగవాళ్ల లెక్క వేరు లెండి.

ఇలాంటి మందులన్నీ గెలవవుట. పెద్దపేగు కేన్సర్‌లో కీమోతో కలిపితే ఆయుష్షు పెంచిందని 2004లో పేరొచ్చిన బెవాసిజుమాబ్‌ని జీర్ణాశయం కేన్సర్‌లో ఇచ్చి చూస్తే, ఆయుష్షు పెరిగిందని రుజువు కాలేదు. ఆ లెక్క 2011లో వచ్చింది.

మా వదినగారికి హెర్-2 లేదని రిపోర్టు వచ్చింది. తర్వాత వారం డాక్టరుగారు ఒక ట్రయల్ సంగతి ఎత్తారు. కీమో అందరికీ ఉంటుంది. దాంతో పాటు కొందరికి కొత్త మందు, కొందరికి ఉత్త సెలైన్. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, ఎక్కించే డాక్టరుకీ తెలియదు. ఇంట్లో పెద్ద రభస. "మా అమ్మేమన్నా ఎలుకా అత్తా?" అని మేనల్లుడు నామీద ఎగిరాడు.

తెలుగులో ఉన్న ఆ కాగితాలన్నీ రాత్రి నేనే పైకి చదివాను. అర్థంకాని చోటల్లా పెన్సిలుతో గీత పెట్టాను. మీ ఇంట్లో ఇలాంటి సందర్భం వస్తే మీరూ అలాగే చెయ్యండి, సంతకానికి తొందరపడొద్దు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా, మధ్యలో మానేయొచ్చా, హాని జరిగితే ఖర్చెవరిది అని అడగండి. 2019 నాటి మన దేశపు నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, నష్టపరిహారమూ ఇవ్వాలి. ఎప్పుడు తప్పుకున్నా మామూలు వైద్యం ఆపకూడదు.

అంతా విని వదినగారు, "చీటీపాటలో నా పేరెప్పుడూ ఆఖర్నే వచ్చేది. ఈసారి చూద్దాం, పెన్నిటివ్వు" అన్నారు.

ఒక్క మాట. ఆవిడ కీమోలో ఆక్సాలిప్లాటిన్ ఉంది. అది ఎక్కాక కొన్నాళ్లు చల్లటివి తాకితే వేళ్లు జివ్వుమంటాయి, చల్లటి నీళ్లు తాగితే గొంతు పట్టేసినట్టవుతుంది. ఫ్రిజ్ జోలికి వెళ్లనివ్వకండి. మజ్జిగ కూడా బయట పెట్టిందే ఇస్తున్నాను.

నాలుగో విడత వచ్చే మంగళవారం. ఆవిడకి మందే ఎక్కుతోందో, ఉత్త సెలైనే ఎక్కుతోందో మాకెవరికీ తెలియదు. నిన్న మాత్రం పెసరకట్టు కలిపిన మెత్తటి అన్నం నాలుగు ముద్దలు తిని, ఇంకాస్త వెయ్యమన్నారు.