బదిలీకి పాయింట్లు, నిలకడకు ఏవి?

ఆంధ్రప్రదేశ్ ఉపాధ్యాయుల బదిలీ నిబంధనల్లో ఒక లెక్క ఉంది. ఇంటి అద్దె భత్యం (హెచ్చార్ఏ) ఎక్కువగా వచ్చే పట్టణంలో పనిచేస్తే ఏడాదికి 1 పాయింటు, సరైన రోడ్డు కూడా లేని నాలుగో కేటగిరీ ఊళ్లో పనిచేస్తే 5. తెలంగాణలోనూ కష్టమైన ఊరికి ఎక్కువ పాయింట్లన్నదే సూత్రం. కష్టపడినవారికి గుర్తింపు దక్కాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆ పాయింట్లు చెల్లేది ఎక్కడ? తర్వాతి కౌన్సెలింగులో ఇంకో ఊరు కోరుకోవడానికి. అంటే మారుమూల బడిలో చేసిన సేవకు మనమిచ్చే బహుమతి, ఆ బడిని విడిచి వెళ్లే హక్కు. ఉందామనుకున్నవారు కూడా 8 ఏళ్లు నిండితే కదలాల్సిందే. పైగా హెచ్చార్ఏ ఊరి స్థాయిని బట్టి మారుతుంది కాబట్టి, ఒకే హోదా, ఒకే సర్వీసు ఉన్న ఇద్దరిలో ఆ పద్దు కింద ఎక్కువ అందుకునేది పట్టణంలో ఉన్నవారే. వెనుకబడిన బడికి మంచి టీచర్లు ఎందుకు రావడం లేదని అందరూ అడుగుతారు. వచ్చినవారిని నిలుపుకునే ఏర్పాటు ఏదన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి పనికొచ్చే ప్రయోగం ఒకటి అమెరికాలో జరిగింది. టాలెంట్ ట్రాన్స్‌ఫర్ ఇనిషియేటివ్ పేరుతో 7 రాష్ట్రాల్లోని 10 స్కూల్ డిస్ట్రిక్టుల్లో, పిల్లల మార్కులను బాగా పెంచిన టీచర్లను ముందుగా గుర్తించారు. ఫలితాలు తక్కువగా ఉన్న బడికి మారి రెండేళ్లు ఉంటే 20,000 డాలర్లు ఇస్తామన్నారు. ఏ బడికి ఈ అవకాశం ఇవ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చారు కాబట్టి పోలిక నమ్మదగినది. 2013లో వెలువడిన నివేదిక ప్రకారం, అడిగిన సుమారు 1,500 మందిలో చివరికి మారినవారు 81 మందే, అంటే నూటికి ఐదుగురు. అయినా ఖాళీల్లో 88 శాతం భర్తీ అయ్యాయి. ప్రాథమిక తరగతుల పిల్లలు లెక్కల్లో, చదవడంలో 4 నుంచి 10 పర్సంటైళ్ల దాకా ముందుకొచ్చారు. ఆపై తరగతుల్లో మాత్రం తేడా కనిపించలేదు. డబ్బు అందుతున్నంతకాలం, ఇలా మారిన టీచర్లలో 93 శాతం మంది అక్కడే ఉన్నారు. పోల్చిచూసిన బడుల్లో ఆ సంఖ్య 70 శాతం. చెల్లింపులు ఆగాక వీరిలో మిగిలినవారు 60 శాతమే. అటువైపు 51 శాతం ఉన్నారు కాబట్టి, తేడా చెప్పుకోదగ్గదిగా మిగల్లేదు.

ఈ అంకెలను రెండువైపుల నుంచీ చదవాలి. మంచి టీచరు చోటు మారినంత మాత్రాన ప్రతిభ పోదని, కనీసం చిన్న తరగతుల్లో, రుజువైంది. అదే సమయంలో, పెద్ద మొత్తం ఎర చూపినా నూటికి 95 మంది ఉన్నచోటు వదల్లేదని కూడా తేలింది. ఇల్లు, ప్రయాణం, సొంత పిల్లల చదువు, తోటి టీచర్లు, హెడ్మాస్టరు అండ, ఇవేవీ ఒక చెక్కుతో తీరే విషయాలు కావు. మన ఏకోపాధ్యాయ పాఠశాలనే చూడండి. ఎంత సమర్థుడైనా ఒకే మనిషి ఐదు తరగతులకు పాఠం చెబుతూ, మధ్యాహ్న భోజనం చూసుకుంటూ, యాప్‌లో హాజరు నింపుతూ ఉంటే అతని ప్రతిభకు మిగిలే సమయమెంత? అందుకే ఒక్కరిని పంపడం కన్నా, ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేసే బడిని తయారుచేయడం ముందు జరగాలి.

డబ్బు ఆశ చూపితే సేవాభావం దెబ్బతింటుందని కొందరంటారు. డబ్బు ఆగాక కూడా 60 శాతం మంది నిలిచారంటే, డబ్బుతో వచ్చినవారంతా డబ్బుకే కట్టుబడలేదని అర్థం. అసలు పట్టణానికి ఎక్కువ హెచ్చార్ఏ ఇచ్చినప్పుడు లేవని సందేహం పల్లెకు ఇచ్చేటప్పుడే ఎందుకు లేవాలి? ఒక బడిని నిలబెట్టడానికి ఇంకో బడిని ఖాళీ చేయడం న్యాయమా అన్నది ఇంతకంటే బరువైన అభ్యంతరం. నష్టం ఉండదని చెప్పలేం. అయితే ఇంట్లో చదివించేవారు, ట్యూషన్ ఉన్న పిల్లవాడికి టీచరు మారితే ఆదుకునే దారులున్నాయి. మొదటి తరం విద్యార్థికి టీచరే ఏకైక దారి. ఒక్కో బడి నుంచి ఒకరిద్దరిని మించి తీయకపోతే నష్టం పలచబడుతుంది.

ప్రతిభను కొలిచేదెలా అన్నది నిజంగా చిక్కుముడి. డీఎస్సీ ర్యాంకు అభ్యర్థి చదువును చెబుతుంది, బోధనను చెప్పదు. పరీక్ష మార్కులనే కొలబద్ద చేస్తే బట్టీయానికి దారితీస్తుంది. అందుకని స్థానికులనే నియమిస్తే చాలదా అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో వచ్చిన జీవో 3 ఏజెన్సీ బడుల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పద్ధతి చెల్లకపోయినా వెనకున్న ఆలోచన గట్టిదే: ఆ ఊరి భాష తెలిసి, అక్కడే ఇల్లున్న మనిషి బదిలీ కోసం ఎదురుచూడడు. స్థానికత, ప్రతిభ ఒకదానికొకటి పోటీ కావు. ఏజెన్సీ యువతకు మంచి శిక్షణ ఇస్తే రెండూ ఒకరిలోనే దొరుకుతాయి.

కాబట్టి మార్పు లెక్క దగ్గరే మొదలవ్వాలి. నాలుగో కేటగిరీ బడిలో ఉండాలనుకునేవారికి 8 ఏళ్ల గడువు నుంచి మినహాయింపు ఇవ్వాలి. వెళ్లడానికి పాయింట్లున్నట్టే, ఉండటానికి ఏటేటా పెరిగే భత్యం ఉండాలి. పక్కన మరో టీచరు, ఉండటానికి క్వార్టరు కల్పించాలి. ఇవన్నీ ఖర్చుతో కూడినవే. ఏడాదికో కొత్త టీచరుతో అక్షరాలు మళ్లీ మొదటి నుంచి దిద్దే పిల్లలు కడుతున్న మూల్యం మాత్రం ఏ బడ్జెట్ పద్దులోనూ కనిపించదు.