రక్తప్రసరణము - ఒక సత్యాన్వేషణ

మానవదేహంలో అహోరాత్రాలు విశ్రాంతి ఎరుగక పనిచేసే అవయవం హృదయం. పిడికిలి పరిమాణం గల ఈ కండరంలో నాలుగు గదులున్నాయి. పై రెండింటిని కర్ణికలనీ, క్రింది రెండింటిని జఠరికలనీ అంటారు. సిరల ద్వారా వచ్చిన రక్తం కుడి కర్ణిక నుండి కుడి జఠరికను చేరి, పుపుస ధమని గుండా ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ బొగ్గుపులుసు వాయువును విడిచి, ప్రాణవాయువును గ్రహించి ఎడమ కర్ణికకు వస్తుంది. ఎడమ జఠరిక దానిని బృహద్ధమని ద్వారా సర్వాంగాలకు పంపుతుంది.

నేడు పాఠశాల విద్యార్థులు సైతం ఎరిగిన ఈ విషయం మానవజాతికి సులభంగా లభించలేదు. క్రీ.శ. 2వ శతాబ్దపు వైద్యాచార్యుడు గాలెన్, రక్తం జఠరికల నడిమి గోడలోని అదృశ్య రంధ్రాల గుండా ఎడమవైపునకు చేరుతుందని బోధించాడు. వెయ్యేండ్లకు పైగా అదే ప్రమాణమైంది. 1242 ప్రాంతంలో, డమాస్కస్‌లో పుట్టి కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్-నఫీస్, ఇబ్న్ సీనా గ్రంథానికి వ్యాఖ్యానం వ్రాస్తూ, ఆ గోడ దట్టమైనదనీ, అందులో రంధ్రాలు లేవనీ, రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమవైపునకు చేరవలెననీ స్పష్టం చేశాడు. పూర్వాచార్యుల యెడ గౌరవం వేరు, సత్యపరీక్ష వేరు అని ఈ ఉదంతం మనకు తెలుపుతున్నది.

1628లో ఆంగ్ల వైద్యుడు విలియం హార్వే గణితంతో మరొక అడుగు ముందుకు వేశాడు. నేటి లెక్క ప్రకారం గుండె ఒక్కొక్క స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని పంపుతుంది. నిమిషానికి 72 స్పందనలైతే, అది దాదాపు 5 లీటర్లు. దేహంలోని మొత్తం రక్తం ఇంచుమించు అంతే! నిమిషనిమిషానికి అంత రక్తం కొత్తగా పుట్టజాలదు గనుక, ఉన్న రక్తమే తిరిగి తిరిగి వస్తున్నదని తేలుతుంది. ధమనులను సిరలతో కలిపే సూక్ష్మమైన కేశనాళికలను 1661లో మాల్పీఘీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తులలో చూడగా, హార్వేకు అందని లంకె దొరికింది.

ఈ జ్ఞానం పరీక్షలకే పరిమితం కారాదు. రక్తదానం చేస్తే మనిషి జీవితాంతం నీరసిస్తాడనే భయం మనలో నేటికీ ఉన్నది. వైద్యుడు తగినవాడని నిర్ధారించిన దాత నుండి సాధారణంగా తీసుకొనేది 350 మిల్లీలీటర్లు మాత్రమే. అందలి ద్రవభాగం ఒకటి రెండు రోజులలో, ఎర్రకణాలు కొద్ది వారాలలో తిరిగి సమకూరుతాయి. ప్రమాదానికి గురైనవారికి, ప్రసవవేళ రక్తస్రావమైన తల్లికి ఆ కొద్దిపాటి రక్తమే ప్రాణభిక్ష. రక్తానికి కులమతభేదాలు లేవు. ఉన్నవి వర్గభేదాలు మాత్రమే. విద్యార్థులారా! మీ రక్తవర్గమేదో నేడే తెలిసికొనండి. అవసరం కలిగిన నాడు వెనుదీయకండి.