పిల్లి కరిస్తే పసుపు చాలదన్నా

వీడియోలో చూశారు కదా, జమ్మలమడుగులో మా శనగల కొట్టానికి ఎలుకల మందు పెట్టం, పిల్లే కాపలా. పోయిన నెల అది మా చిన్నోడి చెయ్యి కరిచింది. జేజి పసుపు అద్దబోతే నేనే ఆపినా.

పిల్లులకొచ్చే జలుబు వైరసులు, వాటి ప్రాణం తీసే పాన్‌ల్యూకోపీనియా మనకు అంటవు. రేబిస్ అట్ల కాదు. కుక్క నుంచే కాదు, పిల్లి నుంచీ వస్తుంది. లక్షణాలు కనపడినాక దాదాపు ఎవరూ బతకరు.

పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ప్రొద్దుటూరులో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయినాం. ఆ రోజే మొదటి సూది, తర్వాత 3, 7, 28 రోజులకు. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేసినారు. మందుల్లేకుండా పంట తీసేవాళ్లమే, కానీ ఆ పట్టుదల టీకా దగ్గర వద్దన్నా.

మూడు నెలలు నిండిన పిల్లికి పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించండి. మాదానికి ఇన్నాళ్లూ వేయించలేదు, తప్పు నాదే.