నర్సు విద్యార్థినులు, విదేశోద్యోగము, శాశ్వత నివాసము

భిలాయి వలసవచ్చినవారి చేతులతో నిర్మింపబడిన పట్టణము. 1955వ సంవత్సరమున సోవియట్ యూనియనుతో కుదిరిన ఒడంబడిక ననుసరించి అచట ఉక్కు కర్మాగారము తలపెట్టబడెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన మొదటి బ్లాస్టు ఫర్నేసును నాటి రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాదు ప్రారంభించిరి. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పనికై రైలెక్కి వచ్చిన తెలుగు కుటుంబములు అనేకము అచటి సెక్టారులలో స్థిరపడినవి. నాడు తాతగారు పనికై వలసవచ్చిరి. నేడు మనుమరాలు నర్సు చదువు చదివి, సముద్రము దాటి వలసపోవ దలచుచున్నది.

ఈ కోరిక భిలాయికి మాత్రమే పరిమితమైనది కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2025లో ప్రకటించిన నివేదిక ప్రకారము 2023 నాటికి లోకమందు నర్సుల సంఖ్య 2 కోట్ల 98 లక్షలు. కొరత 58 లక్షలు. ప్రతి ఏడుగురు నర్సులలో ఒకరు తాము పుట్టిన దేశమున గాక వేరొక దేశమున పనిచేయుచున్నారు. కావున నర్సుకు విదేశమందు పని దొరకుట కష్టము కాకపోవచ్చును. అయితే పని దొరకుట వేరు, ఆ దేశమున శాశ్వతముగా నివసించు హక్కు దొరకుట వేరు. ఈ భేదము తెలియక అప్పుచేసి ప్రయాణమైన కుటుంబములు తరువాత చిక్కులలో పడుచున్నవి.

యజమాని పూచీ అనగా నేమి?

విదేశీయురాలికి ఉద్యోగమిచ్చు ఆసుపత్రి, "ఈమె మాకు అవసరము, ఈమెకు ఇంత జీతమిచ్చెదము" అని తన ప్రభుత్వమునకు పూచీపడుటయే స్పాన్సర్‌షిప్. ఆ పూచీపై ప్రభుత్వము వీసా నొసగును.

భిలాయి వాసులకు దీనిని క్వార్టరుతో పోల్చి చెప్పవచ్చును. కర్మాగారపు ఉద్యోగి కుటుంబము కంపెనీ క్వార్టరులో నివసించును. పిల్లలు అచటనే పెరుగుదురు, పెరటిలో మామిడిచెట్టు కాపునకు వచ్చును. అయినను ఆ ఇల్లు ఉద్యోగముతో ముడిపడినది. స్పాన్సర్‌షిప్ వీసాయు నట్టిదే. శాశ్వత నివాసము తన పేర రిజిస్టరైన సొంత ఇంటి వంటిది. యజమాని మారినను అది మారదు. మొదటి దానినుండి రెండవ దానికి చేరు దారి ఎంత పొడవో తెలిసికొనుట విద్యార్థిని ప్రథమ కర్తవ్యము.

మూడు మెట్లు

ఈ దారిలో మూడు మెట్లు గలవు. మొదటిది విద్య, రెండవది ఆ దేశపు నర్సుల మండలిలో రిజిస్ట్రేషను, మూడవది నివాసహక్కు. ఒక మెట్టు ఎక్కినంత మాత్రమున తరువాతిది దానంతట లభింపదు.

ముఖ్యముగా గమనింపవలసిన దేమనగా, విదేశమందలి ప్రతి చదువును నర్సుగా పనిచేయుటకు అర్హత నీయదు. ఆసుపత్రి నిర్వహణము, ప్రజారోగ్యము మున్నగు విషయములలో ఎం.ఏ. వంటి పట్టములు మంచివే. కాని వాటిచేత నర్సు రిజిస్ట్రేషను రాదు. చేరుటకు ముందే "ఈ చదువును ఆ దేశపు నర్సుల మండలి ఆమోదించినదా?" అని ఆ మండలి నుండియే తెలిసికొనవలెను.

మరియొక సంగతి. భారతదేశమున నాలుగేండ్ల బి.ఎస్‌సి. నర్సింగు గాని, మూడేండ్ల జి.ఎన్.ఎం. గాని ముగించి, రాష్ట్ర కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొని, కొంతకాలము ఆసుపత్రిలో పనిచేసిన నర్సు అనేక దేశములకు విద్యార్థినిగా గాక నేరుగా ఉద్యోగినిగా పోవచ్చును. అట్టివారు లక్షలు వెచ్చించి మరల అచట చదువవలెనా యని ఆలోచింపవలసి యుండును.

దేశదేశముల పద్ధతులు

బ్రిటను: ఇచట ఆరోగ్యోద్యోగులకు ప్రత్యేక వీసా 2020 ఆగస్టు నుండి అమలులోనున్నది. ఈ వీసాపై ఐదేండ్లు పనిచేసినవారు శాశ్వత నివాసమునకు దరఖాస్తు చేయు పద్ధతి యుండెను. 2025 మే నెలలో ప్రభుత్వము ప్రకటించిన శ్వేతపత్రము ఈ గడువును సాధారణముగా పదేండ్లకు పెంచవలెనని ప్రతిపాదించినది. కనుక ప్రయాణమగువారు నాటికి అమలులోనున్న నియమమును తప్పక విచారింపవలెను. విద్యార్థి వీసాపై గడిపిన కాలము గాని, చదువు ముగిసిన పిదప లభించు గ్రాడ్యుయేటు వీసా కాలము గాని ఐదేండ్ల లెక్కలో చేరదు. ఉద్యోగము పోయినచో క్రొత్త యజమానిని వెదకుకొనుటకు సాధారణముగా 60 దినముల గడువే యిత్తురు.

అమెరికా: ఇచట ఎన్‌క్లెక్స్ పరీక్షలో ఉత్తీర్ణత ముఖ్యము. నర్సుల కొరత గుర్తింపబడినది గనుక, యజమాని స్థానికులెవరును దొరకలేదని కార్మికశాఖ ఎదుట విడిగా నిరూపింపనక్కరలేదు. అయినను ఏ ఒక్క దేశమున పుట్టినవారికిని మొత్తములో 7 శాతమునకు మించి యీయరాదను చట్టముచే భారతీయుల వరుస మిక్కిలి పొడవైనది. నర్సులు చేరు తరగతిలో 2025లో భారతీయులకు 2012, 2013 సంవత్సరముల దరఖాస్తుల వంతు వచ్చుచుండెను. చదువు ముగిసిన విద్యార్థినికి పనిచేయుటకు లభించు అనుమతి సాధారణముగా 12 నెలలు మాత్రమే. ఈ పండ్రెండు నెలలకును, ఆ పండ్రెండేండ్లకును నడుమ నెట్లు నిలువవలెనో ముందుగానే యోచింపవలెను.

ఆస్ట్రేలియా: యజమాని పూచీతో రెండేండ్లు పనిచేసిన నర్సును అదే యజమాని శాశ్వత నివాసమునకు సూచింపవచ్చును, వయస్సు సాధారణముగా 45 ఏండ్లలోపు ఉండవలెను. 2024 జూలై 1 నుండి, ఉద్యోగము పోయినవారికి క్రొత్త యజమానిని వెదకుటకు ఒక్కసారికి 180 దినముల గడువు లభించుచున్నది. యజమానితో నిమిత్తము లేక అర్హతల మార్కులపై దరఖాస్తు చేయు మార్గమును గలదు. పూచీకై సొమ్ము పుచ్చుకొనుట ఆ దేశమున 2015 నుండి చట్టవిరుద్ధము.

జర్మనీ: ఇచట భాషయే ద్వారము. నర్సుగా గుర్తింపు పొందుటకు సాధారణముగా బి-2 స్థాయి జర్మను కావలెను. మూడేండ్ల వృత్తిశిక్షణ అచటనే పొందువారికి శిక్షణకాలమున భత్యము లభించును. జర్మనీలో శిక్షణ ముగించినవారు అర్హతగల ఉద్యోగమున రెండేండ్ల పిదప, ఇతర నిపుణులు మూడేండ్ల పిదప, బీమా చందాలు మొదలగు షరతులకు లోబడి శాశ్వత నివాసము కోరవచ్చును. తెలంగాణ ప్రభుత్వ సంస్థయైన టామ్‌కామ్ నర్సులకు విదేశ భాషలలో శిక్షణ యిప్పించి పంపు కార్యక్రమములు నడుపుచున్నది.

సంతకము చేయుటకు ముందు

ఒప్పంద పత్రమును పూర్తిగా చదువక సంతకము చేయరాదు. దానియందు ఈ క్రింది విషయములు స్పష్టముగా నున్నవా యని చూడవలెను.

1. పని నర్సుదా, సహాయకురాలిదా? పేరు "కేర్" అని యున్నంత మాత్రమున అది నర్సు ఉద్యోగము కాదు.

2. జీతమెంత? వారమునకు గంటలెన్ని? ఇంటి అద్దె ఎవరిది?

3. గడువునకు ముందు మానినచో చెల్లింపవలసిన సొమ్మెంత? ఆ మొత్తము ఏయే ఖర్చులకు సంబంధించినది?

4. శాశ్వత నివాసమునకు యజమాని సూచించునని వ్రాతమూలకముగా నున్నదా? నోటిమాట చాలదు.

5. పాసుపోర్టు, మూల సర్టిఫికెట్లు తన వద్దనే యుండునా? వానిని ఎవరికిని తాకట్టుగా నీయరాదు.

విదేశ మండలి భారతదేశపు రిజిస్ట్రేషనును రాష్ట్ర కౌన్సిలు ద్వారా సరిచూచుకొనును. భిలాయిలో నమోదైన వారికి ఇది రాయపూరులోని ఛత్తీస్‌గఢ్ కౌన్సిలు నుండి జరుగవలెను. ఇందులకు కాలము పట్టును గనుక ముందుగానే దరఖాస్తు చేయుట మేలు. అన్ని సర్టిఫికెట్లలోను పేరు, ఇంటిపేరు ఒకే విధముగా నుండునట్లు చూచుకొనవలెను. తెలుగువారి ఇంటిపేరు ఒకచోట ముందును, ఒకచోట వెనుకను వచ్చుట వలన కాగితములు తిరిగివచ్చుట కద్దు.

మధ్యవర్తుల విషయము

1983 నాటి వలసల చట్టము ప్రకారము విదేశోద్యోగములకు మనుష్యులను కుదుర్చు ఏజెంటు ప్రభుత్వ లైసెన్సు పొందియుండవలెను. ఆ లైసెన్సు సరియైనదో కాదో ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వ వ్యవస్థలో చూచుకొనవచ్చును. ఏజెంటు ఉద్యోగార్థి వద్ద పుచ్చుకొనదగిన సేవారుసుము 30,000 రూపాయలకును, దానిపై పన్నుకును మించరాదు. రసీదు తప్పక యీయవలెను. కళాశాలలలో సీట్లు కుదుర్చు విద్యాసలహాదారు ఈ లైసెన్సుగల ఏజెంటు కాడు. "మొదట చదువుకు పొండు, పూచీ సంగతి మేము చూచుకొందుము" అను మాటకు చట్టములో విలువ లేదు. పూచీపడువాడు ఆసుపత్రి యజమాని. అనుమతించునది ఆ దేశపు ప్రభుత్వము. నడుమనున్నవాడు హామీ యీయజాలడు.

తండ్రి భవిష్యనిధి సొమ్మును, తల్లి నగలను పెట్టుబడిగా పెట్టు కుటుంబము ఒక లెక్క వ్రాసికొనవలెను: చదువు ఖర్చెంత, చదువుకాలములో పని దొరకకపోయినచో గడచుట యెట్లు, పూచీ దొరకక తిరిగిరావలసి వచ్చినచో ఈ చదువు ఇచట పనికివచ్చునా. ఈ మూడింటికిని జవాబు దొరికిన పిదపనే టిక్కెట్టు కొనుట వివేకము.

స్వదేశపు రోగి

2010 మే నెలలో ప్రపంచ ఆరోగ్యసభ ఆమోదించిన నియమావళి, నర్సులు కోరిన చోటికి పోవు స్వేచ్ఛను గౌరవించుచునే, ధనికదేశములు ఇతర దేశముల ఆసుపత్రులను ఖాళీచేయు విధముగా నియామకములు జరుపరాదని చెప్పుచున్నది. వలస వచ్చిన నర్సుకు స్థానిక నర్సుతో సమానమైన హక్కు లుండవలెనని గూడ అందు గలదు. తెలుగు కుమార్తె విదేశమున సేవచేయుట తప్పు కాదు. అయితే వార్డులో రాత్రివేళ మేల్కొని యుండు నర్సు అవసరము దుర్గు జిల్లా రోగికిని అంతే గలదు. వెళ్లువారు తెలిసి వెళ్లవలెను. తిరిగివచ్చువారిని వారి అనుభవముతో సహా ఆదరించుటకు ఇచటి ఆసుపత్రులు సిద్ధముగా నుండవలెను.

ఉక్కు పట్టణమునకు వచ్చిన మొదటి తరమువారు చేతిలో నియామకపత్రము చూచుకొనిన పిదపనే ఊరు విడిచిరని పెద్దలు చెప్పుదురు. ఆ జాగ్రత్త మనుమరాండ్రకును ఆదర్శము కాదగినది.